గుర్రం కాలు విరిగితే: ఎంతవరకు చూడాలి, ఎక్కడ ఆపాలి

ప్రశ్న: మా పక్కవాళ్ళ గుర్రాన్ని ఇంకో గుర్రం తన్నడంతో వెనక కాలు విరిగింది. హాక్ కీలుకి (వెనక కాలి మధ్యలో మడమలా ఉండే కీలు) పైన, లోపలివైపు ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. డాక్టర్ గారు వచ్చిన అరగంటలోనే ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీసేశారు. ఎనిమిదేళ్ళ గుర్రం, ఏ జబ్బూ లేదు. అంత తొందరెందుకు, ఆపరేషన్ చేయిస్తే బతికేదేమో కదా అని మా ఇంట్లో రోజూ ఇదే వాదన. మా దగ్గర పన్నెండేళ్ళ ఆడగుర్రం ఉంది, సుమారు 450 కిలోలు. రేపు దానికే ఇలా జరిగితే ఏం చూసి నిర్ణయించుకోవాలి? కాలు విరిగితే గుర్రం పని అయిపోయినట్టే అంటారు, నిజమేనా?

జవాబు: ముందు పక్కవాళ్ళ గుర్రం సంగతి తేల్చేద్దాం. మీరు రాసినదాన్ని బట్టి విరిగింది టిబియా, అంటే వెనక కాలి పిక్కభాగంలోని ఎముక. దానికి బయటివైపు కండ దట్టంగా ఉంటుంది, లోపలివైపు మాత్రం ఎముక మీద చర్మం తప్ప ఏమీ ఉండదు. అందుకే విరిగిన ముక్క దాదాపు ఎప్పుడూ లోపలివైపే పొడుచుకొస్తుంది, మట్టీ పేడా లోపలికి పోతాయి. ఇక కట్టు సంగతి. గుర్రం వెనక కాలులో తొడ ఎముకా టిబియా కలిసే పై కీలు వంగితే హాక్ కూడా దాంతోపాటే వంగాలి, రెండింటినీ ముడివేసినట్టుగా ఉంటుంది నిర్మాణం. పిండికట్టు పై కీలు దాటి పైకి వెళ్ళలేదు. కింద ఆగిపోయిన కట్టు, విరిగినచోట వేలాడే లోలకంలా ఊగుతూ ఇంకా చెరుపు చేస్తుంది. ప్లేట్లు వేద్దామంటే పూర్తిగా ఎదిగిన గుర్రం బరువు ఒకవైపు, చీము పట్టిన ఎముక మీద స్క్రూలు నిలవకపోవడం ఇంకోవైపు. ఆ అరగంట తొందరపాటు కాదు. ఆ అరగంటలో డాక్టర్ గారు చూడాల్సింది చూశారు. ఇంకో రోజు ఆగి ఉంటే గుర్రానికి దక్కేది ఇంకో రోజు నొప్పే.

ఇక ఆ సామెతలాంటి మాట. సగమే నిజం. ఏ ఎముక, ఎక్కడ, చర్మం తెగిందా లేదా, గుర్రం బరువెంత అన్న నాలుగు ప్రశ్నలకి జవాబు తెలియకుండా "కాలు విరిగింది" అన్న మాటకి అర్థమే లేదు.

మోచేతి ఎముక విరిగిన గుర్రాన్ని చూస్తే గుండె జారిపోతుంది. మోచెయ్యి కిందికి దిగిపోయి, ముందరి కాలు మోకాలి దగ్గర వంగి వేలాడుతూ, బరువు మోపలేక నిలబడుతుంది. చూడ్డానికి ఇంతకన్నా ఘోరం ఉండదు. అయినా ప్లేటు వేస్తే బాగా కోలుకునేవాటిలో ఇదొకటి, మళ్ళీ స్వారీకి వచ్చినవీ ఉన్నాయి. డెక్కలోపలి ఎముక విరిగితే డెక్కే సహజమైన కట్టులా పనిచేస్తుంది కాబట్టి చాలావాటికి ప్రత్యేకమైన లాడం కొట్టి, నెలల తరబడి సాలలో ఉంచితే సరిపోతుంది. మోకాలికీ (వెనక కాలైతే హాక్‌కీ) కింద ఉండే పొడవాటి క్యానన్ ఎముక పక్కన పుల్లల్లా ఉండే సన్నని ఎముకలు విరిగితే అసలు ప్రాణభయమే లేదు. ఫెట్‌లాక్ కీలు (క్యానన్ ఎముక కింది చివర, డెక్కకి పైన ఉండేది) దగ్గర నిలువునా వచ్చిన చీలికని రెండు మూడు స్క్రూలతో బిగిస్తారు. అదే, పూర్తిగా ఎదిగిన గుర్రానికి తొడ ఎముక పూర్తిగా విరిగినా, భుజం కింది ఎముక ముక్కలు పక్కకి తొలిగినా, ముంజేతి ఎముకో టిబియానో చర్మం చీల్చుకుని బయటికొచ్చినా ఆశ దాదాపు ఉండదు. ఇవే దెబ్బలు వంద కిలోల పిల్లకి తగిలితే లెక్క మారుతుంది. దాని ఎముక త్వరగా అతుకుతుంది, ప్లేటు ఆ బరువుని మోయగలదు.

ఇంకో మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు పడితే దిద్దుకోలేం. నిన్న సాయంత్రం బాగున్న గుర్రం తెల్లారేసరికి మూడు కాళ్ళ మీద నిలబడి, చెమటలు కక్కుతూ, నాలుగో కాలు నేలకి తాకించకపోతే విరిగిందనే అనుకుంటారు. చాలాసార్లు అది డెక్కలో చీము గడ్డ. డాక్టర్ డెక్కని పటకారుతో నొక్కుకుంటూ వస్తే ఒకచోట కాలు విదిలిస్తుంది. అక్కడ కత్తితో కాస్త చెక్కితే నల్లటి నీళ్ళలాంటి చీము కారుతుంది. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో కాలు మోపుతుంది. అందుకని కీలు లేనిచోట కాలు ఊగుతుంటే తప్ప, కేవలం మూడు కాళ్ళ మీద నిలబడటం చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు. ఎక్స్‌రే తీయించాలి. అలాగే నెత్తురు చూసి బెదరకండి. 450 కిలోల గుర్రంలో సుమారు 36 లీటర్ల రక్తం ఉంటుంది. నేలంతా ఎర్రగా కనిపించినా పోయింది మూడు నాలుగు లీటర్లే అయితే గుర్రం తట్టుకుంటుంది. గట్టిగా అదిమి కట్టు కట్టి పెట్టండి.

డాక్టర్ వచ్చేలోపు మీ చేతిలో ఉన్న పని గుర్రాన్ని కదలనివ్వకపోవడం. నడిపించి సాలకి తీసుకెళ్ళాలని చూస్తే, చర్మం తెగకుండా లోపలే విరిగిన ఎముక కాస్తా చర్మం చీల్చుకుని బయటికొస్తుంది, ఉన్న అవకాశం ఆ పది అడుగుల్లో పోతుంది. అలవాటైన మనిషి తల దగ్గర నిలబడాలి, వీలైతే తోడు గుర్రం కనిపించేంత దూరంలో ఉండాలి. పొడి గడ్డి కాస్త నోటికి అందిస్తే కొన్ని గుర్రాలు నెమ్మదిస్తాయి, కాకపోతే మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి కడుపు నింపొద్దు. ఇంట్లో ఎసిప్రోమజీన్ అనే మత్తుమందు ఉంటే దాని జోలికి పోవద్దు, అది రక్తపోటుని పడగొడుతుంది. షాక్‌లో ఉన్న గుర్రం దాంతో కుప్పకూలవచ్చు. డాక్టర్‌ని ఫోన్‌లో అడగకుండా నొప్పి మందు కూడా పెట్టొద్దు. నొప్పి తగ్గగానే గుర్రం విరిగిన కాలు మోపడానికి చూస్తుంది. పైగా మీరిచ్చిన ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు మీద ఆయన ఫ్లునిక్సిన్ అనే ఇంకో నొప్పి మందు ఇస్తే కడుపులో పుళ్ళు, కిడ్నీకి దెబ్బ.

ముందరి కాలు మోకాలి కింద విరిగితే బద్దలు కట్టవచ్చు. డెక్క నుంచి మోచేతిదాకా దూది పొరలు పొరలుగా చుట్టి, ప్రతి పొరనీ బ్యాండేజీతో బిగిస్తూ రావాలి. పూర్తయ్యేసరికి కట్టు, కాలి మందానికి మూడింతలవుతుంది. వేలితో కొడితే పండిన పుచ్చకాయని తట్టినట్టు మోగాలి. మెత్తగా ఉండి ఆ చప్పుడు రాకపోతే బిగువు చాలలేదన్నమాట. దాని మీద నేల నుంచి మోచేతిదాకా రెండు చెక్కలో, నిలువునా చీల్చిన పీవీసీ పైపు ముక్కలో, ఒకటి వెనక, ఒకటి బయటిపక్క పెట్టి టేపుతో బిగించాలి. ఫెట్‌లాక్ దగ్గరో దాని కిందో విరిగితే మాత్రం చెక్క ముందరివైపు రావాలి, డెక్క కొన నేలకి ఆనేలా క్యానన్ ఎముకా కింది భాగమూ ఒకే గీతలోకి తేవాలి. మోకాలి పైన ముంజేతి ఎముక విరిగితే బయటి చెక్క భుజం దాకా పోవాలి, లేకపోతే కాలు బయటికి విసురుకుని ఎముక లోపలివైపు పొడుచుకొస్తుంది. ఇక తొడ ఎముకకీ, భుజం కింది ఎముకకీ ఏ కట్టూ వద్దు. కింద కట్టిన కట్టు బరువై వేలాడుతుంది తప్ప పైన విరిగినచోటుని పట్టి ఉంచలేదు. ట్రక్కులో తీసుకెళ్ళాల్సి వస్తే ముందరి కాలు విరిగినదాన్ని వెనక్కి తిప్పి, వెనక కాలు విరిగినదాన్ని ముందుకి చూసేలా నిలబెట్టండి. బ్రేకు వేసినప్పుడు బరువు మంచి కాళ్ళ మీద పడుతుంది.

ఈలోగా గుండె లెక్కపెట్టండి. దవడ ఎముక లోపలి అంచు మీద వేలికి తగిలే నాడి, లేదా ఎడమ మోచేతి వెనక స్టెతస్కోప్. తీరిగ్గా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. దెబ్బ తగిలిన వెంటనే భయానికే 70 దాటవచ్చు, కాబట్టి మొదటి అంకెని పట్టుకుని కూర్చోకండి. నొప్పి మందు, మత్తుమందు పడ్డాక అరగంట, గంట ఆగి మళ్ళీ లెక్కపెట్టినప్పుడు కూడా 60కి దిగలేదంటే మందు నొప్పిని అందుకోలేకపోతోందని. 80 దాటి, చిగుళ్ళు పాలిపోయో ఊదారంగుకి తిరిగో ఉంటే షాక్. చిగురు మీద బొటనవేలితో అదిమి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. మొహం కూడా చదవొచ్చు. 2014లో పరిశోధకులు గుర్రం మొహంలో నొప్పిని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. అందులో చూసేవి ఆరు: చెవులు బిగుసుకుని వెనక్కి తిరగడం, కన్ను సగం మూతపడటం, కంటిపైన ఎముక అంచు తేలి కనబడటం, నమిలే కండ బిగియడం, పెదవులు బిగిసి గడ్డం పొడుచుకురావడం, ముక్కుపుటాలు సాగడం. గుర్రం వేటాడే జంతువులకి ఆహారమయ్యే జాతి, నొప్పిని దాచుకోవడం దాని స్వభావం. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు.

ఎముకలు కాకుండా మిగతా దెబ్బల గురించి క్లుప్తంగా. కాలి ముందు నరం, అంటే చాచే స్నాయువు తెగితే గుర్రం తడబడుతూ నడిచినా చాలావరకు కోలుకుంటుంది. వెనకవైపు స్నాయువులు తెగితే గడ్డు. ఫెట్‌లాక్ కిందికి దిగితే పై స్నాయువు, డెక్క కొన పైకి లేస్తే లోపలి స్నాయువు, ఫెట్‌లాక్ ఏకంగా నేలని తాకితే అన్నీ పోయినట్టు. కీలు దగ్గరి గాయం వేలెడంతే అయినా వెంటనే డాక్టర్‌ని పిలవాలి. కీలులోకి చీము పోయాక కడగడం ఒక రోజు ఆలస్యమైతే బాగుపడే అవకాశం బాగా తగ్గిపోతుంది. వెన్నెముక దెబ్బతిని కుక్కలా కూర్చుండిపోయి వెనక భాగం లేవలేని గుర్రాన్ని మందులిస్తూ ఎక్కువసేపు చూడటం మంచిది కాదు. తన బరువుకి తనే నలిగి కండలు చచ్చిపోతాయి.

ఆపరేషన్ చేయించాలా అన్న ప్రశ్నకి వద్దాం. ఇక్కడ అందరూ చూసేది విరిగిన కాలుని, కానీ ప్రాణం తీసేది చాలాసార్లు మంచి కాలు. అమెరికాలో పేరున్న పందెం కెంటకీ డెర్బీని 2006లో గెలిచిన బార్బరో అనే గుర్రం, ఆ మే 20న ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనక కాలు విరగ్గొట్టుకుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ సెంటర్‌లో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ ప్లేటూ 27 స్క్రూలూ వేశారు. విరిగిన కాలు అతుక్కుంటూ వచ్చింది. జూలైలో ఎడమ వెనక కాలికి, అంటే బరువంతా మోస్తున్న కాలికి, ల్యామినైటిస్ (డెక్క లోపలి పొరలు దెబ్బతినే జబ్బు) పట్టుకుంది. ఆ కాలి డెక్క గోడలో చాలా భాగం తీసేయాల్సి వచ్చింది. 2007 జనవరి 29న కారుణ్య మరణం ఇచ్చారు. గుర్రం వైద్యానికి ఎంత చేయగలమో అంతా చేసిన కేసు అది.

ఎందుకలా అవుతుందంటే, డెక్క గోడకీ లోపలి ఎముకకీ మధ్య సన్నటి పొరలు ఉంటాయి. గుర్రం బరువంతా ఆ పొరల పట్టు మీదే వేలాడుతుంది. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా అక్కడికి రక్తం వచ్చిపోతుంది. ఒకే కాలు రోజుల తరబడి ఎత్తకుండా నిలబెడితే ఆ రక్తం ఆగి, పొరలు ఊడి, ఎముక కిందికి జారుతుంది. మామూలుగా ఇది మొదటి రోజుల్లో కనబడదు, వారాలు గడిచాక, అందరూ కాస్త ఊపిరి పీల్చుకున్నాక మొదలవుతుంది. దీనిలో ఒక మాయ ఉంది, దానికి మోసపోని ఇంటివాళ్ళు తక్కువ. ఒక ఉదయం గుర్రం విరిగిన కాలు మీద బరువు మోపడం మొదలుపెడుతుంది. "కోలుకుంటోంది!" అని సంబరపడతారు. నిజానికి మంచి కాలు నొప్పి తట్టుకోలేక బరువు అటు మార్చుకుంటుంది. అప్పుడు ఆ మంచి కాలి ఫెట్‌లాక్ వెనక, రెండు పక్కలా వేలు పెట్టి చూడండి. అక్కడ నాడి కొట్టుకోవడం మామూలుగా వేలికి అందీ అందకుండా ఉంటుంది. అదే టక్‌టక్‌మని కొడుతుంటే ల్యామినైటిస్ మొదలైనట్టే. డెక్క పై అంచున చర్మం కలిసేచోట వేలు లోపలికి దిగేంత గాడి కనబడితే ఎముక ఇప్పటికే దిగింది.

మత్తు నుంచి లేవడం ఇంకో గండం. 1975లో రఫియన్ అనే మేటి ఆడగుర్రం పందెంలో ముందరి కాలు విరిగి, ఆపరేషన్ అయ్యాక, మత్తు దిగుతూ కాళ్ళు విసిరి కట్టుని పగలగొట్టుకుంది. మళ్ళీ కోసి బాధపెట్టడం ఇష్టంలేక ఆ రాత్రే ప్రాణం తీశారు. ఇప్పుడు నీటి తొట్టెలో మత్తు దింపే ఏర్పాట్లున్న ఆసుపత్రులున్నాయి. అందుకే డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "బాగవుతుందా" అన్నది కాదు. మత్తు ఎలా దింపుతారు, మంచి కాలిని ఎలా కాపాడతారు, ఎన్ని వారాలు సాలలో కదలకుండా ఉండాలి, అన్నీ కలిసొస్తే దక్కేది స్వారీ గుర్రమా, పచ్చికలో తిరిగే గుర్రమా, అదీ కాక కుంటుతూ నిలబడేదా అని అడగండి. ఇది మీ గుర్రమే అయితే ఏం చేస్తారని కూడా అడగండి, సూటైన జవాబు వస్తుంది.

మీ ఆడగుర్రం స్వభావం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూడు నెలలు నాలుగు గోడల మధ్య ఉండమంటే కొన్ని గుర్రాలు గడ్డి నముల్తూ ఉంటాయి, కొన్ని మొదటి రోజు నుంచే తలుపు బాదుకుంటాయి. రెండోరకానికి ఎంత మంచి ప్లేటు వేసినా వృథా. డబ్బు లేక ఆపేయడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. డబ్బున్నంత వరకు చేయించి సగంలో ఆపేయడం మాత్రం గుర్రానికి రెండు విధాలా నష్టం, బాధంతా పడుతుంది, ఫలితం దక్కదు.

వైద్యం మొదలుపెట్టాలనుకుంటే, మొదలుపెట్టే రోజే ఆపే గీత కూడా గీయండి. ఇది మా ముఖ్యమైన సలహా. ఎందుకంటే రెండు వారాలు రాత్రింబగళ్ళు కాపు కాసినవాళ్ళు ఇరవయ్యో రోజున "ఇంకొక్క రోజు" అనకుండా ఉండలేరు. ఒక కాగితం మీద డాక్టర్‌తో కలిసి రాసి సాల తలుపు లోపలివైపు అంటించండి. మందులు పడుతున్నా రోజంతా గుండె 60కి తగ్గకపోతే, మేత ముట్టకపోతే, మంచి కాలి డెక్కలో ఎముక జారినట్టు ఎక్స్‌రేలో తేలితే, లేవడానికి మనుషులు పట్టాల్సివస్తే, ఆపేస్తాం. మీరు ఊళ్ళో లేకపోతే ఎవరు సరే అనాలో, వాళ్ళ ఫోన్ నంబరు, బీమా ఉంటే పాలసీ నంబరుతో సహా అందులో ఉండాలి. చాలా బీమా కంపెనీలు ముందు తమకి చెప్పాలంటాయి. వెంటనే ప్రాణం తీయక తప్పదని డాక్టర్ రాసిచ్చే సందర్భాలకి వేరే షరతులుంటాయి, ఇవాళే చదివి పెట్టుకోండి. అమెరికాలోని గుర్రాల వైద్యుల సంఘం ఏఏఈపీ మార్గదర్శకాల్లో చెప్పింది కూడా ఇలాంటిదే: నయంకాని నొప్పిని అలా భరించనివ్వకూడదు, బతికినంతకాలం నొప్పి మందుల మీదో, సాలలో బందీగానో ఉంచకూడదు.

నిర్ణయం అయిపోయాక జరిగేది తెలిసి ఉంటే భయం తగ్గుతుంది. విరిగిన కాలున్న గుర్రాన్ని ఎక్కడికీ నడిపించరు, ఉన్నచోటే కానిస్తారు. ముందు మత్తుమందు ఇస్తారు, తల వాలుతుంది. మెడ నరంలో పెద్ద గొట్టం పెట్టి పెంటోబార్బిటాల్ అనే ప్రాణం తీసే మందు ఎక్కిస్తారు. 450 కిలోలకి మందు గాఢతని బట్టి సుమారు వంద మిల్లీలీటర్లు పడుతుంది. నిమిషం లోపే పడిపోతుంది, ఎటు పడుతుందో చెప్పలేం కాబట్టి పగ్గం డాక్టర్‌కో ఆయన మనిషికో ఇచ్చి మీరు దూరంగా నిలబడండి. పడ్డాక నాలుగైదు పెద్ద ఊపిర్లు రావచ్చు, కండలు అదరవచ్చు, కళ్ళు తెరిచే ఉంటాయి. గుర్రానికి ఇవేవీ తెలియవు. డాక్టర్ కంటిపొరని తాకి చూస్తారు, గుండెని కొన్ని నిమిషాలు వింటారు. శిక్షణ ఉన్నవాళ్ళు తుపాకితోనూ చేస్తారు. సరిగ్గా చేస్తే అది తక్షణమే, కానీ శిక్షణ లేనివాళ్ళ చేతికి ఇవ్వాల్సిన పని కానే కాదు. ఇంట్లో పిల్లలుంటే "నిద్రపుచ్చుతున్నారు" అనొద్దు, రాత్రి వాళ్ళకి నిద్ర పట్టదు. చచ్చిపోయిందనే చెప్పండి.

ఇంజెక్షన్‌తో పోయిన గుర్రం ఒళ్ళంతా ఆ మందు ఉంటుంది. కుక్కలు గానీ గద్దలు, రాబందులు గానీ తింటే అవీ చస్తాయి. ఆ రోజే లోతుగా పూడ్చాలి, లేదా కాల్చాలి. బావికీ వాగుకీ దూరంగా, స్థానిక నిబంధనలు ఒప్పుకున్నచోట. గొయ్యి తవ్వే యంత్రం నంబరు కూడా ఆ తలుపు కాగితం మీద ఉంటే మంచిది, ఆ రోజు వెతుక్కునే ఓపిక ఉండదు. తోడు గుర్రం ఉంటే కాసేపు కళేబరం దగ్గరికి రానివ్వండి. వాసన చూసి, కొంతసేపు నిలబడి, తనంతట తనే మేతకి వెళ్ళిపోతుంది. చూడనివ్వకపోతే రోజుల తరబడి సకిలిస్తూ వెతుక్కుంటుందని పెంచేవాళ్ళంటారు.

ఇవాళ సాయంత్రం మీ ఆడగుర్రం తీరిగ్గా గడ్డి నములుతున్నప్పుడు దాని గుండె లెక్కపెట్టి, నాలుగు కాళ్ళ ఫెట్‌లాక్ వెనకా నాడి ఎంత మెల్లగా తగులుతుందో వేలితో చూసి పెట్టుకోండి. రాసిపెట్టుకునే కాగితంలో మొదటి అంకె అదే.